పెద్దలు చెప్పగా విందము

చదువవలసిన భాగములు: కీర్తనలు 71, ఆదికాండము 48:1–11, యెహోషువ 4:1–9, మలాకీ 3:16



71వ కీర్తనలో ఒక వృద్ధ భక్తుడు దేవునికి చేసిన మనవిని ఈ నెల మన పాఠముగా తీసికొనుచున్నాము. తన బలము ఉడిగిపోయిన కాలమున తన్ను విడిచిపెట్టవద్దని ఆయన 9వ వచనములో వేడుకొనెను. ఎందునిమిత్తము? దానికి జవాబు 18వ వచనములో నున్నది. దేవుడు తనయెడల చేసినదానిని తన వెనుక వచ్చు తరమువారికి చెప్పి ముగించువరకు ఆయన తోడు తనకు కావలెనని ఈ తల నెరసిన భక్తుని కోరిక.

ఆయన ఈ మనవిలో అన్నము నడుగలేదు, వస్త్రము నడుగలేదు. అవి అక్కరలేదని కాదు. చెప్పవలసినది తనయొద్ద ఇంకను మిగిలియున్నది. అది చెప్పకమునుపే తాను విడువబడుదునేమో యని ఆయన భయము. ఈ భయము నేడు మన గ్రామములలోను, మన ప్రాంతపు వృద్ధాశ్రమములలోను అనేకమంది పెద్దల హృదయములలో నున్నది. దానిని మేము చాల ఆలస్యముగా తెలిసికొంటిమి. అది ఎట్లో మొదట చెప్పెదము.

1. మా తప్పిదము

మా సంఘమునకు కొద్ది మైళ్ల దూరమున ఒక వృద్ధాశ్రమము కలదు. పిల్లలు లేనివారును, పిల్లలు పనులకొరకు హైదరాబాదుకో, బెంగుళూరుకో, గల్ఫు దేశములకో పోగా ఒంటరిగా మిగిలినవారును అక్కడ నున్నారు. ఆ కుమారులందరిని, కుమార్తెలందరిని నిందించుట న్యాయము కాదు. నెలనెలా డబ్బు పంపుచు, రాలేక దుఃఖపడుచున్నవారిని మేమెరుగుదుము.

మేము ఏటేట క్రిస్మసునకు ముందు స్త్రీల సమాజమువారిని, యౌవనస్థులను వెంటబెట్టుకొని అక్కడికి వెళ్లుచుంటిమి. రెండు కీర్తనలు పాడి, అరగంట ప్రసంగము చేసి, దుప్పట్లు, కమలాపండ్లు పంచి, మధ్యాహ్నమునకు ముందే తిరిగి వచ్చుచుంటిమి. మంచి పని చేసితిమని సంతోషముతో వచ్చుచుంటిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము బయలుదేరుచుండగా ఒక మామ్మగారు మా చేయి పట్టుకొని యిట్లనిరి: "అయ్యగారూ, ఏటేటా వచ్చి మాకు మంచి మాటలు చెప్పి వెళ్తన్నారు. మేం చెప్పేది మీరు వినేదెప్పుడండీ?"

మాయొద్ద జవాబు లేకపోయెను. పది సంవత్సరములు ఆ గుమ్మము తొక్కియు, ఆ మామ్మగారి ఊరేదో, పనియేదో, ఆమె ఎందరిని కని పెంచెనో మేమెరుగము. దుప్పటి కొలత తెలియును గాని మనిషి తెలియదు. ఆ రాత్రి 71వ కీర్తనను మరల చదివితిమి.

2. పాత సంగతులు చెప్పుకొనుట వ్యర్థము కాదు

"ముసలివాళ్లు చెప్పిందే చెప్తారు" అని మనము నవ్వుచుందుము. వైద్యులు సహితము ఒకప్పుడు ఇట్లే తలంచిరి. వృద్ధుడు గతించిన దినములను తలపోయుట బుద్ధి మందగించుటకు గురుతని, అట్టి మాటలనుండి అతని మనస్సును మళ్లించుట మేలని అనేకులు నమ్ముచుండిరి.

అమెరికా దేశపు మనోవైద్యుడైన రాబర్ట్ బట్లర్ 1963లో వ్రాసిన ఒక వ్యాసము ఈ తలంపును మార్చెను. ఈయన బాల్యమున తాతగారి ఇంట పెరిగినవాడు. జీవితాంతము సమీపించిన మనుష్యుడు తన బ్రదుకును మొదటినుండి తిరిగి చూచుకొనుట రోగము కాదనియు, అది స్వాభావికమైన పనియనియు ఆయన చెప్పెను. చేసిన మేలు, పడిన కష్టము, మిగిలిపోయిన పగ, తీరని బాధ వీటన్నిటిని ఒక వరుసలో పెట్టుకొని, ఇదే నా జీవితము అని ఒప్పుకొనుటకు వృద్ధుడు ప్రయత్నించును. కొందరికి దానివలన సమాధానము కలుగును. కొందరికి పశ్చాత్తాపము, నిరాశయు కలుగవచ్చునని కూడ ఆయన దాచక వ్రాసెను.

తరువాత పాశ్చాత్య దేశములలోని నర్సింగ్ హోములలో ఈ సంగతి అభ్యాసములోనికి వచ్చెను. మన దేశమున నర్సింగ్ హోము అనగా పట్నములోని చిన్న ఆసుపత్రి. అక్కడనైతే, తమంతట తాము లేవలేని, స్నానము చేయలేని వృద్ధులు నర్సుల పోషణలో నివసించు గృహమునకు ఆ పేరు. అట్టి గృహములలో కొద్దిమందిని ఒకచోట కూర్చుండబెట్టి, పాత వస్తువులు, ఫోటోలు చూపి, పాత పాటలు వినిపించి, వారి జ్ఞాపకములు చెప్పించుట మొదలుపెట్టిరి. 1983లో లండను నగరమున పామ్ ష్వైట్జర్ అను ఆమె ఏజ్ ఎక్స్చేంజ్ అను సంస్థను స్థాపించి, వృద్ధులు చెప్పిన సంగతులను నాటకములుగా కూర్చి ఆడించెను. తమ బ్రదుకులే తమ కన్నుల యెదుట ఆడబడుట ఆ పెద్దలు చూచిరి.

మన జ్ఞాపకశక్తి పనిచేయు విధమును కూడ తెలిసికొనుట మంచిది. పెద్దవారిని అడిగినచో, తమకు పది యేండ్లు మొదలు ముప్పది యేండ్లవరకు జరిగిన సంగతులే ఎక్కువగా, తేటగా చెప్పుదురని పరిశోధకులు కనుగొనిరి. మతిమరపు వ్యాధి వచ్చినవారిలో సాధారణముగా క్రొత్త సంగతులు ముందు జారిపోవును. పాతవి చాలకాలము నిలుచును. ఉదయము తిన్నదేమో చెప్పలేని తాత, తన పెండ్లినాటి బండి యెద్దుల పేర్లు చెప్పగలుగుట ఇందుచేతనే. పాటలును అట్లే నిలుచును. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి ఎత్తుకొనగానే, కుమారుని పేరు మరచిన తల్లి చరణములన్నియు తప్పక పాడుట మేము చూచితిమి.

పరిశుద్ధ గ్రంథము ఈ సంగతిని ఎన్నడో చూపియున్నది. యాకోబు రోగియై, చూపు మందగించి యుండగా, యోసేపు తన యిద్దరు కుమారులతో వచ్చెను. యాకోబు బలము తెచ్చుకొని మంచముమీద కూర్చుండెను. మనుమలను ఆశీర్వదింపకమునుపు ఆయన చేసిన పని యేమి? లూజులో దేవుడు తనకు ప్రత్యక్షమైన సంగతి చెప్పెను. ఎఫ్రాతా మార్గమున రాహేలు చనిపోయిన సంగతి చెప్పెను. యోసేపు ఐగుప్తు దేశమంతటిమీద అధికారి, పనులు గలవాడు. అయినను "ఇది విన్నదే గదా తండ్రీ" అని ఆయన అడ్డుపడినట్లు అక్కడ వ్రాయబడలేదు.

3. గుంపుగా కూర్చుండుట ఎందుకు?

యొర్దాను దాటిన తరువాత యెహోషువ ఒక్కనిచేత ఒక్క రాయి తెప్పింపలేదు. గోత్రమునకు ఒకని చొప్పున పండ్రెండుమంది పండ్రెండు రాళ్లు మోసికొని వచ్చిరి. పిల్లలు వాటిని చూచి అడిగినప్పుడు పెద్దలు చెప్పవలెను. జ్ఞాపకము ఒక్కని సొత్తు కాదు. పదిమంది మోసి తెచ్చి ఒకచోట పేర్చినప్పుడు అది అందరికి గురుతగును. మలాకీ 3:16లో భక్తులు ఒకరితో నొకరు సంభాషించుచుండగా ప్రభువు చెవియొగ్గి వినెననియు, వారి జ్ఞాపకార్థము ఒక గ్రంథము ఆయన సముఖమున వ్రాయబడెననియు చదువుచున్నాము. పెద్దల ముచ్చట దేవుడే వినదగినదైతే, మనకు తీరిక లేదనుట ఎట్లు?

మామ్మగారు అడిగిన మాట తరువాత మేము ఆశ్రమమునకు ప్రసంగము లేకుండ వెళ్లితిమి. ఒక సంఘపెద్ద యింటి అటకమీదనుండి పాత హరికెన్ లాంతరు, ఒక కవ్వము, ఒక కొడవలి తీసికొని పోతిమి. ఎనిమిదిమంది పెద్దలు వలయముగా కూర్చుండిరి. లాంతరు మధ్యనుంచి, "దీని చిమ్నీ మీ యింట ఎవరు తుడిచేవారు?" అని అడిగితిమి.

"నేనే. ముగ్గుపిండితో తుడిచేదాన్ని" అని ఒకామె అనెను. "ముగ్గుపిండి ఎందుకూ, బూడిద చాలదూ?" అని ఇంకొకామె అనెను. ఇద్దరు వాదమునకు దిగిరి. అందరు నవ్విరి. రెండేండ్లుగా ప్రక్క ప్రక్క మంచములమీద పరుండినను ఆ యిద్దరును అంతవరకు ఒకరితో నొకరు పది మాటలు ఆడియుండలేదని తరువాత వింటిమి.

ఒక వృద్ధుడు వలయములోనికి రాక తన మంచముమీదనే గోడవైపు తిరిగి పరుండియుండెను. ఎవరితోను మాటలాడడని, భోజనము కూడ సరిగా చేయడని ఆయాలు చెప్పిరి. వారు ఆయనను ఆరో నంబరు అని పిలుచుచుండిరి. అది ఆయన మంచము సంఖ్య. లాంతరు మాట నడుచుచుండగా ఆయన ఇటు తిరిగి, "పడవకైతే ముందు కొమ్మున కట్టేవాళ్లం" అనెను.

కృష్ణా కాలువలలో సరుకు పడవలు నడిచిన దినములలో ఆయన పడవ పనివాడు. గాలి లేనప్పుడు తాడు భుజమున వేసికొని గట్టు వెంబడి పడవను లాగుట, లాకులయొద్ద రాత్రి తమ వరుస కొరకు కనిపెట్టుచు పడవమీదనే అన్నము వండుకొనుట, ధాన్యపు బస్తాలు తడవకుండ కాపాడుట ఆయన చెప్పగా అందరు వినిరి. గుంపులోని మరియొక తాతగారు, "ఆ పడవల్లోనే మా పెళ్లి సామానొచ్చింది" అనెను. ఇద్దరును కాలువ పేర్లు, రేవుల పేర్లు చెప్పుకొనుచుండగా గంట కొట్టిరి; భోజనమునకు ఇద్దరును కలిసి నడిచి వెళ్లిరి.

మరుసటి నెల మేము వెళ్లినప్పుడు ఆయాలు ఆయనను పడవ తాతగారు అని పిలుచుచుండిరి. ఆయన రోగము పోలేదు, కాళ్ల నొప్పి పోలేదు. ఆయన ఎవరో ఆ యింటివారికి తెలిసెను, అంతే. ఆ తెలియుట వలన అన్నము పెట్టు చేతి విధము మారెను, పిలుచు గొంతు మారెను. బ్రదుకు బ్రదుకదగినదిగా నుండుట అనగా ఇందులో ఒక ముఖ్యభాగమని మేము గ్రహించితిమి.

4. దుఃఖపు జ్ఞాపకము వచ్చినప్పుడు

మూడవ కూటమిలో మేము మరియొక తప్పు చేసితిమి. తుఫానుల మాట వచ్చెను. 1977 నవంబరు 19న దివిసీమమీదికి ఉప్పెన వచ్చి వేలాదిమందిని కొట్టుకొనిపోయిన సంగతి మీలో పెద్దలకు తెలియును. ఆ గుంపులోని ఒకామె ఆ రాత్రి తన యిద్దరు బిడ్డలను పోగొట్టుకొనినది. ఆమె చెప్ప మొదలుపెట్టి, కంఠము పూడుకొనిపోగా ఆగెను. మేము వెంటనే బైబిలు తెరచి ఒక ఆదరణ వాక్యము చదివితిమి. ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొని, "అలాగేనండి అయ్యగారూ" అని ఊరకుండెను. వాక్యము సత్యమే. అయినను అది ఆమె నోరు మూయుటకు ఉపయోగపడినట్లాయెను.

అప్పుడు ఆమె ప్రక్కనున్న ముసలమ్మ ఆమె చేయి తీసికొని తన ఒడిలో పెట్టుకొని, "పెద్దదాని పేరేంటమ్మా?" అని అడిగెను. ఆమె పేరు చెప్పెను. రెండవ బిడ్డ పేరును చెప్పెను. ఆ పేర్లను బిగ్గరగా పలికి ఎన్నేండ్లయినదో ఆమెకే తెలియదు. ఆ తరువాత అందరము చాలసేపు మౌనముగా కూర్చుంటిమి.

యోబు స్నేహితులు ఏడు దినములు, ఏడు రాత్రులు అతనితో ఏమియు పలుకక నేలమీద కూర్చుండిరి (యోబు 2:13). వారు చేసిన మంచి పని అదియే. నోరు తెరచిన తరువాతనే పొరపాటు చేసిరి. బోధకులమైన మాకును, ఆదరించ తొందరపడు మనకందరికిని ఇది పాఠము. ముందు వినవలెను. వాక్యము చెప్పుటకు సమయము తరువాత దొరకును.

దుఃఖమును త్రవ్వి తీయుట మన పని కాదు. చెప్పనొల్లనివారిని బలవంతపెట్టరాదు. ఒకరు మిక్కిలి కలత చెందినచో, కూటమి ముగిసిన తరువాత వారియొద్ద ఒకరు నిలిచి, ఆ రాత్రి వారిని కనిపెట్టవలెనని ఆశ్రమమువారికి చెప్పవలెను. దినములు గడచినను కలత తగ్గనియెడల వైద్యుని సలహా తీసికొనవలెను.

5. దీనివలన కలుగునది, కలుగనిది

ఇది మందు కాదు. మతిమరపు వ్యాధిని నయము చేయదు. 2018లో కాక్రేన్ సంస్థవారు ఆ వ్యాధి గలవారికి జ్ఞాపకములు చెప్పించుటను గూర్చిన 22 పరిశోధనలను, వాటిలో పాల్గొనిన 1,972 మందిని పరిశీలించి ఒక సమీక్ష ప్రకటించిరి. మేలు కలదు గాని అది స్వల్పమనియు, అన్నిచోట్ల ఒకే రీతిగా కనబడలేదనియు వారు చెప్పిరి. అయితే వృద్ధుల గృహములలో నివసించువారి విషయములో జీవితపు బాగు కొంత మెరుగుపడినట్లు వారికి కనబడెను. గుంపుగా కూడినచోట ఒకరితో నొకరు మాటలాడు శక్తియు కొంత మెరుగుపడినట్లు తోచెను. కాబట్టి మనము గొప్ప అద్భుతములు వాగ్దానము చేయరాదు, స్వల్పమని మానివేయనురాదు. ఇంట తన వస్తువుల మధ్య, తన్నెరిగినవారి మధ్య నుండు వృద్ధునికంటె, అన్నియు విడిచి క్రొత్తచోటికి వచ్చిన వృద్ధునికే తాను ఎవరో చెప్పుకొను అక్కర ఎక్కువ.

మన దేశమున తలిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. జిల్లాకు కనీసము ఒక ఆశ్రమము, నిరుపేదలైన 150 మంది వృద్ధులకు చోటు గలదిగా స్థాపించుటను గూర్చి ఆ చట్టము చెప్పుచున్నది. ఇది మంచిదే. కాని చోటు ఒకటియే చాలదు. బర్జిల్లయి సంగతి చూడుడి (2 సమూయేలు 19:31–39). ఎనుబది యేండ్ల ఆ వృద్ధుని రాజైన దావీదు యెరూషలేమునకు రమ్మని, తన యింట పోషించెదనని పిలిచెను. అన్నపు రుచియే తెలియని తనకు రాజభోజనమెందుకని ఆయన ఒప్పుకొనలేదు. తన తలిదండ్రుల సమాధి యున్న తన ఊరికి పోనిమ్మని వేడుకొనెను. మన ఆశ్రమములలోని పెద్దలు తమ ఊరికి తిరిగి పోలేరు. వారి ఊరిని వారి నోట వినుటయైనను మనము చేయగలము.

6. మన సంఘములు చేయదగిన విధము

దీనికి ధనము అక్కరలేదు. మేము నేర్చుకొనినంతవరకు వ్రాయుచున్నాము.

గుంపు ఆరుగురు మొదలు పదిమందికి మించరాదు. వారమునకొకసారి, అదే దినమున, అదే వేళకు ముప్పావు గంట కూడిన చాలును. నెలకొకసారి వచ్చి మానుటకంటె, రెండు నెలలు వారము తప్పక వచ్చుట మేలు. చెవుడు గలవారిని మాటలాడువారి ప్రక్కనే కూర్చుండబెట్టుడి.

ఒక్కొక్క కూటమికి ఒక్క సంగతియే తీసికొనుడి: చిన్ననాటి ఆటలు, అనగా గోటీబిళ్ల, చెడుగుడు, వామనగుంటలు, ఊడుపులు, కోతలు, కుప్పనూర్పులు, రోలు, తిరగలి, కుంపటి, చద్దన్నము, పెండ్లిండ్లు, వెనుకటి క్రిస్మసు, పాకలో జరిగిన ఆరాధన. కరువులు, తుఫానుల మాట గుంపులో నమ్మిక కలిగిన తరువాత వారంతట వారే తెచ్చినచో వినుడి.

చేతికి ఒక వస్తువు నిండు. వాసన గల వస్తువైతే మరియు మంచిది. చూపు పోయినవారికి చేయి, ముక్కు జ్ఞాపకము చేయును.

పరీక్ష చేయువారివలె అడుగకుడి. "ఏ సంవత్సరము? కలెక్టరు పేరేమి?" అనినచో మరచినవారు సిగ్గుపడుదురు. "మీ బడి ఎట్లుండెను?" అని కూడ మొదటనే అడుగకుడి. మన పెద్దలలో అనేకులకు బడి గుమ్మము దొరకలేదు; కొందరిని ఊరి బావియొద్దకే రానియ్యలేదు. "చిన్నప్పుడు మీ దినము ఎట్లు గడిచెడిది?" అని అడుగుడి. అప్పుడు బడి గలవారు బడి చెప్పుదురు, పశువులు కాచినవారు పశువుల సంగతి చెప్పుదురు, ఎవరును తగ్గింపబడరు. అవమానమును గూర్చి చెప్పినచో దానిని కూడ మర్యాదతో వినుడి. అదియు సంఘ చరిత్రయే.

సంవత్సరమో, పేరో తప్పు చెప్పినచో దిద్దకుడి. చెప్పిందే చెప్పినచో మొదటిసారి విన్నట్లు వినుడి.

వినిన సంగతిని వీధిలో చెప్పకుడి, వారి సెలవు లేనిదే ప్రసంగములో వాడకుడి. ఈ వ్యాసములోని సంగతులను మేము వారిని అడిగియే వ్రాసితిమి. చదువుకొనిన యౌవనస్థులు ఒక నోటు పుస్తకములో పెద్దల మాటలు వ్రాసి, వారికి చదివి వినిపించి, ఆ పుస్తకమును వారియొద్దనే ఉంచవలెను. దానిని చూచిన ఆయాలు, నర్సులు ఆ మనిషి ఎవరో తెలిసికొందురు.

ఆశ్రమము దగ్గర లేని సంఘములవారు విచారపడవద్దు. మన యిండ్ల అరుగులమీదనే ఈ పాఠము మొదలుపెట్టవచ్చును. కొడుకు చేతిలో ఫోను, కోడలి చేతిలో పని, మనుమల చేతిలో పుస్తకము. తాతగారు మాత్రము నోట మాట లేక కూర్చుండు ఇల్లు మన సంఘములో ఎన్ని గలవో ఎంచి చూడుడి.

మా చేయి పట్టుకొని అడిగిన ఆ మామ్మగారు ఇప్పుడు లేరు. చనిపోవుటకు ముందు తొమ్మిది వారములు ఆమె గుంపులో కూర్చుండెను. ఆమె ఊరు, పని, కని పెంచిన బిడ్డల పేర్లు ఇప్పుడు మాకు తెలియును. సమాధియొద్ద మేము ఆమెను గూర్చి మాటలాడినప్పుడు, మొదటిసారి, ఎరిగిన మనిషిని గూర్చి మాటలాడితిమి. అంతకుముందు ఆ ఆశ్రమమునుండి మేము సాగనంపిన అనేకులను ఎరుగకయే సాగనంపితిమి. ప్రభువు మమ్మును క్షమించును గాక.

కూటములలో ఆలోచించవలసిన ప్రశ్నలు

1. 71వ కీర్తన 9, 18 వచనములను కలిపి చదువుడి. వృద్ధుని భయమేమి? వృద్ధుని పనియేమి?

2. యోసేపు తన తండ్రి మంచమునొద్ద చేసినదానినుండి పనులు గల కుమారులు నేర్చుకొనదగినదేమి?

3. యోబు స్నేహితులవలె మనము వాక్యముతోనే ఒకరి నోరు మూసిన సందర్భము కలదా?

4. మీ యింటిలో, లేదా మీ వీధిలో పెద్దవారైన ఒకరి బాల్యమును గూర్చి మీకు తెలిసినదెంత? వచ్చు ఆదివారములోగా వారిని ఒక ప్రశ్న అడిగి, జవాబు ముగియువరకు కూర్చుండుడి.

ప్రార్థనాంశము: ఆశ్రమములలో నున్న పెద్దల కొరకును, దూరదేశములలో నున్న వారి బిడ్డల కొరకును, వారికి స్నానము చేయించి అన్నము పెట్టు ఆయాలు, నర్సుల కొరకును, వినుటకు మనకు ఓపిక కలుగుట కొరకును ప్రార్థింతము.